ఎర్రగుడ్డ డబ్బా

నాగలమడిక నుంచి ఎనిమిది మైళ్లు పరుగెత్తి వచ్చిన మద్దెల కొల్లప్ప, పావగడలో ప్రైవేటు డిటెక్టివ్ హనుమంతరాయప్ప గడప మీద కూలబడ్డాడు.

"సామీ, పొద్దు గూకేలోపల డబ్బా దొరక్కపోతే నన్ను పోలీసులకు పట్టిస్తారంట. నేను దొంగను కాను."

1936 ఎండాకాలం అది. బెంగళూరు నుంచి ప్రహ్లాద్ అనే సినిమా ఆయన వచ్చి, ఊరివాళ్లు రాత్రుళ్లు ఆడే పాటల నాటకాన్ని వెలుతురు కోసం పట్టపగలే ఆడించి ఫిల్ము తీశాడు. నిన్న చివరి ఘట్టం. రాణి విషం తాగి, పాడుతూ పాడుతూ చనిపోయింది. ఆ ఫిల్ము పెట్టిన డబ్బాకు గుర్తుగా ఎర్రగుడ్డ కట్టారు. కాపలా ఉన్న కొల్లప్ప తెల్లారి ఏటి చెలమకు పోయి మొహం కడుక్కొని వచ్చేసరికి డబ్బా మాయం.

శిష్యుడు అనంతరాముకు గురువంటే మహా గురి. గాలి పీల్చి దొంగ ఇంటిపేరు చెప్పేస్తాడని బజారంతా చాటుతుంటాడు. అందులో ముప్పాతిక కొట్టేసినా మిగిలేది తక్కువేమీ కాదు. ముగ్గురూ ఎక్కిన జట్కా నాగలమడిక చేరగానే గురువు నిజంగానే గాలి పీల్చాడు.

సినిమా సామాను పెట్టిన గుడిసెలో ఖరీదైన కెమెరా కదల్లేదు. మిగతా డబ్బాలూ ఉన్నాయి. ఎర్రగుడ్డ డబ్బా ఉన్న చెక్కపలక మీద మాత్రం కుంకుమ రాలి, పక్కన నల్లటి మచ్చ.

"కర్పూరం," అన్నాడు హనుమంతరాయప్ప.

బయట రాణి వేషం కట్టిన మారప్ప, బుగ్గలకు రంగుతోనే బీడీ కాలుస్తున్నాడు.

"ఆట నిన్ననే అయిపాయ గదప్పా. రంగు కడగలేదేంది?" అన్నాడు హనుమంతరాయప్ప.

"నా పెండ్లాము రంగక్క కడగనీలేదు సామీ. రంగుతోనే గంజి తాగినా."

"రాణెమ్మకు గంజేనా?" అన్నాడు అనంతరాము.

"చచ్చిన రాణికి అదే ఎక్కువప్పా."

"మంగళం పాడినారా?" గురువు అడిగాడు.

"యాడ పాడినాము? నేను పడిపోతానే సినిమా ఆయన చాలని మిషను ఆపినాడు. అంతా ఇండ్లకు పోయినారు."

హనుమంతరాయప్ప అందరినీ పందిట్లో కూర్చోబెట్టాడు.

"దుడ్డుకు ఆశపడినోడైతే కెమెరా ఎత్తుకుపోతాడు. ఈడ పోయింది రాణి చావు ఉండే డబ్బా ఒకటే. దానికి బొట్టు పెట్టినారు, హారతి ఇచ్చినారు. ఆటలో చచ్చినోళ్లను మంగళం పాడి, హారతిచ్చి లేపినాకనే గదా మనం రంగు కడిగేది. నిన్న రాణిని ఎవురూ లేపలేదు. మరి రంగు కడగనీనిది ఎవురు?"

రంగక్క లేచి ఇంటికి పోయి, రాగుల గుమ్మిలో దాచిన డబ్బా తెచ్చింది. మూత తీయలేదు.

"దీంట్లో నా మొగుడు చచ్చి పడుండాడు సామీ. ఊరూరా చూపిస్తారంట. ఊరూరా చస్తాడు, యాడా లెయ్యడు. హారతి ఇచ్చి చూసినా, మనసు ఒప్పలేదు." కొల్లప్ప వైపు తిరిగింది. "నీ మిందికి వస్తాదనుకోలేదన్నా."

ప్రహ్లాద్ నుదురు తుడుచుకున్నాడు. "ఫిల్ము పక్కన కర్పూరమా? గుడిసే మిగిలేది కాదమ్మా. నాకొక మాట చెప్పకూడదా?"

"చెప్తే నవ్వుతారనుకొన్యా."

"ఫిల్ము ఇంకా ఉండాదా?" అన్నాడు హనుమంతరాయప్ప.

"రెండు నిమిషాల ముక్క ఉంది."

"పొద్దూ ఉండాది. తియ్యప్పా."

మారప్ప మళ్లీ చచ్చి పడుకున్నాడు. కొల్లప్ప మద్దెల అందుకున్నాడు. ఊరంతా మంగళం పాడుతుంటే రాణి లేచి కూర్చుంది. రంగక్క హారతి పళ్లెంతో కెమెరా వైపు అడుగు వేయగానే, ప్రహ్లాద్ మంటకు భయపడి పది అడుగులు ఎదురొచ్చి, తల వంచి కళ్లకద్దుకున్నాడు.

తర్వాత ఆమె కొల్లప్ప ముందు నిలబడింది. అతని చేతులు రెండూ మద్దెల మీదే ఉన్నాయి. రంగక్క తన అరచేయి మంట మీద తిప్పి, తానే అతని కళ్లకద్దింది.

"నువ్వు వాయించన్నా."