అద్దంలో అచ్చయ్య భోజనం

దెయ్యాలంటే నాకు భయం లేదు, అసహ్యం. విక్టోరియా రాణి కాలంలో లండన్ నాటకశాలల్లో దెయ్యాల్ని ఎలా చూపించేవారో ఏళ్ల తరబడి పరిశోధించినవాణ్ణి. బ్రిక్‌ఫీల్డ్స్‌ పేటలో పగలు బడిపిల్లలకి లెక్కలు చెప్పి, సాయంత్రాలు పాత ఇంగ్లిషు పుస్తకాలు తిరగేసేవాణ్ణి. తేలిందేమిటంటే, ఆ దొరసానులు టిక్కెట్టు కొనుక్కుని మరీ ఒక గాజుపలకని చూసి మూర్ఛపోయేవారు. మనల్ని ఏలింది వీళ్లే!

వాళ్లకేం తీసిపోదు నా చెల్లెలు జయమణి. సుంగై పెటాని అనే ఊరి దగ్గర రబ్బరు ఎస్టేటులో ఉండేది. కమ్యూనిస్టుల్ని అణచాలని తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీలో ఒక సాయంత్రం ఆమె మొగుడు అచ్చయ్యని చెట్ల మధ్య సోల్జర్లు కాల్చేశారు. శవం కూడా ఇవ్వలేదు. అప్పట్నుంచి రోజూ పొద్దువాలగానే ముళ్లకంచె పక్కన ఆకేసి, అన్నం పెట్టి, మొగుణ్ణి పిలిచేది. తెల్లారేసరికి ఆకు ఖాళీ. కుక్కలు తినేవి, ఇంకెవరు! కానీ అడవిలోవాళ్లకి తిండి అందకూడదని సర్కారు బియ్యం కొలిచి ఇస్తున్న రోజులవి. కంచె దగ్గర అన్నం కనిపిస్తే కమ్యూనిస్టులకి పెట్టావని జైల్లో వేస్తారు. పోలీసులు ఒకసారి హెచ్చరించారు కూడా. నాతో వచ్చెయ్యమంటే, ఆయన్ని ఆకలితో వదిలి రానంది.

మాటలు వినని మొద్దుకి, దెయ్యమంటే ఉత్త గాజుపలకేనని కళ్లతో చూపించాలనుకున్నాను. మూసేసిన ఎస్టేటు బడిలో కిటికీలకి గోనెసంచులు కట్టాను. గదిలో పెద్ద గాజుపలకని ఏటవాలుగా నిలబెట్టాను. పక్కన తెరచాటున, అచ్చయ్య ఒడ్డూ పొడుగూ ఉన్న ఎస్టేటు కూలీ గోవిందసామిని తలమీద తువ్వాలేసి ఆకు ముందు కూర్చోబెట్టి, లాంతరు పెట్టాను. ఎదురుగా ఉన్నవాళ్లకి గాజు అవతల చీకట్లో మనిషి కూర్చుని తింటున్నట్టు కనిపిస్తుంది. అంతే, లండన్ దెయ్యం!

ఒక్కటే తేడా. గాజులో కుడి ఎడమవుతుంది. అక్కడి నటులు అందుకే ఎడంచేతివాటం నేర్చుకునేవారు. గోవిందసామి మాత్రం, "ఎడంసేత్తో అన్నమా? సచ్చినా తినను లా!" అన్నాడు ఇక్కడి యాసలో. మంచిదే అనుకున్నాను. దెయ్యం ఎడంచేత్తో తింటుంటే అది మొగుడు కాదని జయమణికి తెలిసిపోతుంది.

బయట వాన పట్టింది. గదిలో కిరసనాయిలు వాసన, రబ్బరు పొగ వాసన. ఇవాళ మొగుణ్ణి ఇక్కడే పిలవమంటే, జయమణి గాజు ముందు కూర్చుని రోజూలాగే పిలిచింది.

"రండి... తినండి..."

చీకట్లో మనిషి కనిపించాడు. ఎడంచేత్తో అన్నం కలుపుతున్నాడు.

"సూసినావా? ఎడంసెయ్యి. అది అద్దం. తింటన్నది గోవిందసామి," అన్నాను.

"అవునన్నా... ఆయన అలా తినడు..." అంటూ గాజు వైపు వంగింది. "ఎడంసేత్తో ఏటండీ... కుడిసేత్తో తినండి."

గాజులో చెయ్యి ఆగింది.

మెల్లగా వెనక్కి పోయింది. కుడిచెయ్యి ఆకులోకి వచ్చింది...

గోవిందసామి వేషాలేస్తున్నాడని ఒళ్లు మండి తెర లాగాను. అతను తల ఎత్తకుండా తింటున్నాడు. కుడిచేత్తోనే. మరి గాజులో ఎడమ కనిపించాలి కదా...

వెనక్కి తిరిగాను. గాజులో మనిషి తినడం లేదు. లేచి నిలబడ్డాడు. తడిమట్టి వాసన గుప్పున కొట్టింది.

"ఆకలేస్తందంట అన్నా," అని గుసగుసగా చెప్పి, జయమణి గాజుకి అరచెయ్యి ఆనించింది.

లాంతరు ఆరిపోయింది.

ఎవరో లోపలికి గాలి పీల్చుకున్నారు... చాలాసేపు.

అగ్గిపుల్ల గీశాను. గాజు చెక్కుచెదరలేదు. దానిలో ఎవరూ లేరు. జయమణి నేలమీద పడి ఉంది. మూర్ఛ! ఇంకేముంటుంది?

ఎస్టేటు ఆసుపత్రిలో కాంపౌండరులాంటి డ్రెస్సరు లెచ్చుమనన్ వచ్చేసరికి కళ్లు తెరిచింది.

"పదన్నా, నీతో వచ్చేస్తాను. ఇంక ఆయనకి అన్నం పెట్టక్కర్లేదు," అంది. కళ్లలో తడి లేదు. గెలిచాననుకున్నాను. చెల్లెలు నాకు దక్కింది.

లెచ్చుమనన్ స్టెతస్కోపు ఆమె ఎడమపక్క పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"పోయిన నెల జొరానికి నేనే సూసినాను ఈ అమ్మని... గుండె ఇక్కడే ఇనిపించేది..." అని గొణిగాడు.

గుండె ఎక్కడుంటుందో తెలియనివాణ్ణి కూడా డ్రెస్సరు చేశారని విసుక్కున్నాను. అతను స్టెతస్కోపుని మెల్లగా జరుపుతూ కుడిపక్కకి తెచ్చి, ఆగి, గొట్టాలు నా చెవులకి పెట్టాడు.

అక్కడ కొట్టుకుంటోంది.