నలుగురిలో ఒకడు మనిషి కాదు

"గొడుగు కడ్డీ విరిగింది."

"ఏ గాలికి?"

"ఇంకా వీయని గాలికి."

కోడ్ సరిపోయింది. దోన్యా క్లోతిల్దే షాపు తలుపుకి గడియ పెట్టి, వేలాడుతున్న పాత గొడుగుల మధ్య నుంచి అన్సెల్మోని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. మోంతెవిదేయో పాతపేటలో ఆమె గొడుగులు బాగుచేసే మనిషి. గూఢచారుల సెక్షన్‌లో మాత్రం ఆమె మాటకి ఎదురులేదు.

మాతే అనే ఆకుకషాయం తాగే సొరబుర్రలో ఆకు నింపి, వేడినీళ్ళు పోసి, వెండి గొట్టంతో మొదటి విడత తానే పీల్చి మొహం చిట్లించింది. మొదటిదెప్పుడూ కటిక చేదు, పైగా ఆకుపొడంతా నోట్లోకే వస్తుంది. అది పోసేవాళ్ళ వంతు. రెండో విడత పోసి అన్సెల్మోకిచ్చి అసలు విషయానికొచ్చింది.

విషయం ప్రొఫెసర్ ఇతుర్బె గురించి. విదేశీ ముఠా రేడియోలో పంపుకునే రహస్య సందేశాల గుట్టు విప్పింది ఆయనొక్కడే. కాగితం మీద ఒక్క ముక్క పెట్టలేదు, అంతా తలలోనే ఉంది. సోమవారం సెక్షన్ వాళ్ళకి నేర్పుతానన్నాడు. ఆదివారం సాయంత్రమే ఆయన్ని పైకి పంపాలని ముఠా నిర్ణయించింది. అదీ టీవీలో, లైవ్‌లో, దేశమంతా చూస్తుండగా. అంతరిక్ష నౌక సీరియల్ ఆ వారం ఎపిసోడ్ చివర ఆయన తెరమీదికొచ్చి సైన్సు చెబుతాడు.

"వెళ్ళొద్దంటే మానడా?" అన్నాడు అన్సెల్మో.

"టీవీలో కనబడొద్దని ఆయనకి నువ్వు చెప్పి చూడు. నేను చెప్పి తిట్లు తిన్నాను."

స్టూడియోలో ముప్పైమంది ఉంటారు. వాళ్ళలో ఒకడు దొంగపేరుతో చేరిన ముఠా మనిషి. ఎవడో, ఎలా చంపుతాడో తెలియదు. ఈ కబురు మోసుకొచ్చింది సీరియల్ హీరోయిన్ నొయెమీ. ముఠా ఆమెని తమ ఏజెంట్ అనుకుని నెలనెలా జీతమిస్తోంది. ఆమె అది తీసుకుని, ఇక్కడికొచ్చి అంతా చెప్పి ఇక్కడా జీతం తీసుకుంటోంది. ఆమె అన్సెల్మో భార్య అన్న సంగతి దోన్యాకి తప్ప దేశంలో ఎవరికీ తెలియదు.

"ఎవడో నాకు తెలుసు. ఓస్వాల్దో ప్రియెతో. నెల కిందటే చెప్పానుగా," అన్నాడు అన్సెల్మో.

ఓస్వాల్దో నౌకలో కెప్టెన్. తెరమీద ప్రతి ఎపిసోడ్‌లోనూ నొయెమీని ముద్దుపెట్టుకునేది అతనే. దోన్యా అన్సెల్మో మొహంలోకి ఒక్క క్షణం చూసి, సాక్ష్యమేదని అడిగింది. వాడి నవ్వే సాక్ష్యమన్నాడు. ఆమె ఒక చేతిగడియారం అతని ముందుకి తోసింది. దగ్గర్లో ఎవరి జేబులోనైనా చిన్న రేడియో పనిచేస్తుంటే అది మణికట్టు మీద గిలిగింతలు పెడుతుందట. స్టూడియోలోని పెద్ద యంత్రాలను పట్టించుకోదట.

నౌకలో ఇంజనీరు వేషగాడికి అకస్మాత్తుగా గవదబిళ్ళలొచ్చాయని ఆదివారం మధ్యాహ్నం ఛానెల్‌కి ఫోనొచ్చింది. ఆ వేషంలోకి అన్సెల్మో దిగాడు. మొత్తం నాలుగు డైలాగులు.

ఎపిసోడ్ కథ సులువే. నౌకలో నలుగురు: కెప్టెన్, దారి చూపే నొయెమీ, డాక్టరు, ఇంజనీరు. వాళ్ళలో ఒకడు మనిషి కాదు, మనిషి తోలు కప్పుకున్న వేరే గ్రహం జీవి. ఎవడో తెలియక ఒకరి తిండి ఒకరు తినరు, ఒకరికొకరు వీపు చూపించరు. చివరికి అనుమానం ఒట్టిదని తేలుతుంది. ప్రొఫెసర్ నౌకలోకొస్తాడు, డాక్టరు అందరికీ మాతే పోస్తాడు, అంతా ఒకే బుర్రలో తాగి ఒకటవుతారు. అట్టముక్కల నౌకైనా చూసేవాళ్ళు ఒప్పుకుంటారు గాని మాతే లేని నౌకని ఈ దేశంలో ఎవరూ నమ్మరని దర్శకుడి పట్టు. అయితే వేడినీళ్ళు పడి వెండిరంగు దుస్తులు పాడవుతాయని రిహార్సల్ మాత్రం ఖాళీ బుర్రతోనే కానిచ్చారు.

రిహార్సల్లో అన్సెల్మో కళ్ళు ఓస్వాల్దోని వదల్లేదు. మనిషి ఆరడుగులు. నొయెమీ మెడలో గొలుసు చిక్కుపడితే తనే విప్పాడు. ఏదో చెవిలో చెప్పాడు. ఆమె నవ్వింది, పెళ్ళయిన కొత్తలో నవ్విన నవ్వు. మూడు వారాలుగా ఆమె ఓస్వాల్దోతో ఓడరేవు హోటళ్ళలో భోజనాలు చేస్తోంది. అడిగితే డ్యూటీ అంటోంది.

డాక్టరు వేషం లియాండ్రో వస్కోనీది. పయ్‌సందూ ఊరి నుంచి వచ్చి రెండు నెలలైంది, అప్పుడే స్టూడియోలో అందరికీ తలలో నాలుక అయ్యాడు. పాపం అల్సర్ మనిషి, మాతే ముట్టడు, చామంతి కషాయమే తాగుతాడు. వచ్చి అన్సెల్మో పక్కన కూర్చున్నాడు.

"కొత్తగా వచ్చారు, మీకు తెలియదనుకుంటా. ఆ ఇద్దరి సంగతి ఊరంతా తెలుసండీ," అన్నాడు మెల్లగా. "చూడముచ్చటగా ఉంటారు. నిన్న కూడా చేపల హోటల్లో ఒకే పళ్ళెంలో తింటున్నారు."

"ఒకే పళ్ళెంలోనా?"

"నేను కళ్ళారా చూశానండీ."

అన్సెల్మో తిన్నగా నొయెమీ మేకప్ గదికెళ్ళి తలుపేశాడు. పళ్ళెం గురించి అడిగాడు. ఆమె చెవిపోగులో ఉన్న కెమెరాని సరిచేసుకుంటోంది. పని ఆపి అద్దంలోంచే అతన్ని చూసింది.

"ముసలాయన ప్రాణం మన చేతిలో ఉంది. నువ్వు పళ్ళాలు లెక్కపెడుతున్నావు."

"వాడే ఆ మనిషి, నొయెమీ."

"మూడు వారాలు చూశాను. వాడి బుర్రలో ఫుట్‌బాల్ తప్ప ఏమీ లేదు. ఇదిగో చూడు, నన్ను ముఠా వాళ్ళు అనుమానించినా పడతాను, అది వాళ్ళ పని. నువ్వు ఇంకొక్కసారి అనుమానిస్తే మాత్రం నా పెట్టె నేను సర్దుకుంటాను. ఇక వెళ్ళు, లైటు వెలిగే టైమైంది."

ఎర్రలైటు వెలిగింది.

ఆ సాయంత్రం టీవీ చూసినవాళ్ళు కొత్త ఇంజనీరు నటనకి ముక్కున వేలేసుకున్నారు. కెప్టెన్‌ని చూసే ప్రతి చూపులోనూ అంత విషం ఎలా పలికించాడో వాళ్ళకి అంతుబట్టలేదు. ముద్దు సీన్లో అతని దవడ బిగిసిన తీరుకి కెమెరామన్ కూడా ముచ్చటపడి దగ్గరగా పట్టాడు. అది నటనైతే కదా!

ముద్దు అయ్యాక ఓస్వాల్దో పక్కకొచ్చి నిలబడగానే అన్సెల్మో మణికట్టు మీద గిలిగింతలు మొదలయ్యాయి. చూస్తే, కెప్టెన్ కాలర్‌లోంచి సన్నటి తీగ ఒకటి జుట్టు వెనకగా చెవిలోకి పోతోంది. అన్సెల్మోకి భయానికి బదులు సంతోషం కలిగింది. ఎవరి ప్రాణాలు పోతాయోనన్న ఆలోచన తర్వాత వచ్చింది. ముందొచ్చింది నేనన్నదే నిజమైందన్న ఆనందం. నొయెమీ చూస్తుండగా వాడికి సంకెళ్ళు వేయాలి, అంతే.

చివరి సీన్. ప్రొఫెసర్ ఇతుర్బె జుట్టుకి నూనె పట్టించి, పెళ్ళికొడుకులా నౌకలోకొచ్చాడు. కెమెరా ఆయన మీదికి తిరిగింది. సరిగ్గా అప్పుడు ఓస్వాల్దో చెయ్యి జేబులోకెళ్ళింది. అన్సెల్మో ఒక్క అడుగులో చేరి ఆ మణికట్టు విరిగేలా పట్టుకున్నాడు. గుప్పిట్లో అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద పెట్టె.

"వదులు గురూ," అన్నాడు ఓస్వాల్దో పెదవులు కదపకుండా. "ట్రాన్సిస్టరు. ఫైనల్స్ అవుతున్నాయి, సౌండు తగ్గిస్తున్నా. మనోళ్ళు గోలు కొట్టారు."

తీగలోంచి జనం కేకలు సన్నగా అన్సెల్మోకీ వినిపించాయి. గడియారం ఇంకా గిలిగింతలు పెడుతూనే ఉంది, ఎగతాళి చేస్తున్నట్టు. చెయ్యి వదిలేశాడు. నొయెమీ చూసింది, అంతా చూసింది. ఆమె మొహంలో కోపం కూడా లేదు, అదే అతన్ని చంపేసింది. ఆ కళ్ళకి ఎదురుపడలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అలా తిప్పినవైపు లియాండ్రో ఉన్నాడు. బుర్రలో కొత్త ఆకు, ఫ్లాస్కులోంచి అప్పుడే పోసిన నీళ్ళ ఆవిరి. మొదటి విడత. చిరునవ్వుతో, తల వంచి, అతిథికి ఎంతో మర్యాదగా దాన్ని ప్రొఫెసర్ చేతిలో పెట్టాడు.

అన్సెల్మోకి అప్పుడు తట్టింది. అల్సర్ ఉన్నవాడు తాగకపోవచ్చు. మొదటిది పీల్చి ఉమ్మేస్తాడు, లేదా పారబోస్తాడు. ఈ దేశంలో పుట్టినవాడెవడూ మొదటి మాతే అతిథికివ్వడు. చేదు తను మింగి, తేట అవతలివాడికి ఇవ్వడమే ఇక్కడి మర్యాద. ప్రొఫెసర్ కూడా ఒక్క క్షణం తికమకపడ్డాడు గాని, కెమెరా చూస్తోందని గొట్టం పెదవులకి ఆనించాడు.

"ఆగండి." అన్సెల్మో చెయ్యి బుర్ర మీద పడింది. ఇంజనీరు డైలాగులు నాలుగూ ఎప్పుడో అయిపోయాయి. కంట్రోల్ రూమ్‌లో దర్శకుడు తల పట్టుకున్నాడు. అన్సెల్మో బుర్రని వెనక్కి తీసుకుని లియాండ్రో ముందు పెట్టాడు.

"డాక్టరు గారూ, మొదటిది మీ వంతు కదా."

"నాకు కడుపులో బాగోదు, తెలుసుగా," అన్నాడు లియాండ్రో, నవ్వు చెదరకుండా.

"ఒక్క గుక్క పీల్చి ఉమ్మేయండి. మీ పయ్‌సందూలో ఏం చేస్తారు?"

ఏం చేస్తారో లియాండ్రోకి తెలియదు. నొయెమీ చప్పుడు చేయకుండా వచ్చి ప్రొఫెసర్‌కి అడ్డంగా నిలబడింది. స్క్రిప్టులో లేకపోయినా సీను రక్తికట్టిందని ఓస్వాల్దోకి అర్థమైంది. ట్రాన్సిస్టరు జేబులో పడేసి, రేకు తుపాకీ తీసి డాక్టరు రొమ్ముకి గురిపెట్టాడు.

"తాగు డాక్టర్. మా అమ్మ కూడా మొదటిది తనే తాగేది. నువ్వెవరివి?"

దేశమంతా ఊపిరి బిగబట్టింది. అది రేకు తుపాకీ అని లియాండ్రో ఒక్క క్షణం మరిచిపోయాడో ఏమో, బుర్రని అన్సెల్మో మొహం మీదికి విసిరి, నౌక గోడలోంచి దూకాడు. అట్టగోడ, మనిషి ఆకారంలో చిల్లు పడింది. అన్సెల్మో అదే చిల్లులోంచి దూకి, నక్షత్రాల తెర వెనక అతని కాళ్ళు పట్టుకుని పడేశాడు. ఇటు నొయెమీ ప్రొఫెసర్ని కెమెరా ముందుకి తిప్పి, ఇక సైన్సు చెప్పమంది. ఆయన చెప్పాడు. టైముకంటే ఎక్కువే చెప్పాడు.

ఆకులో కలిపిన విషం గుర్రాన్ని పడగొట్టేంత ఉందని ఆ రాత్రే తేలింది. తెల్లారేసరికి పత్రికలన్నీ సీరియల్‌ని ఆకాశానికెత్తాయి. ఆ ముగింపు తనే అప్పటికప్పుడు అల్లానని ఓస్వాల్దో అందరికీ చెప్పుకున్నాడు. ప్రొఫెసర్ పాఠం మొదలెట్టాడు. లియాండ్రో మాత్రం తాను చేసిన తప్పేమిటో చెప్పమని కాపలావాళ్ళని బతిమాలుతూనే ఉన్నాడు. ఎవరూ చెప్పలేదు.

సోమవారం ఉదయం సముద్రం గట్టు మీద నొయెమీ చంకలో ఫ్లాస్కుతో కూర్చుని ఉంది. పక్కన పెట్టె ఉంది. అన్సెల్మో పెట్టెని చూసి, దూరంగానే నిలబడ్డాడు.

"ఓస్వాల్దోతో భోజనాలకి నన్ను పంపిందెవరో తెలుసా?" అంది.

"దోన్యా."

"ఎందుకు పంపింది?"

అతను ఆలోచించాడు. నెల కిందట గొడుగుల మధ్య నిలబడి, ఓస్వాల్దో మీద కన్నేయాలని బల్ల గుద్ది చెప్పిన మనిషి గుర్తొచ్చాడు.

"నేను చెప్పాననా?"

"నువ్వు చెప్పావనే. నువ్వు ముద్దు చూసి కుళ్ళుకుని ఆవిడకి చెప్పావు. ఆవిడ నన్ను వాడి వెంట పంపింది. నేను వెళ్తే నువ్వు ఇంకా కుళ్ళుకున్నావు. మూడు వారాలు ఆ ఫుట్‌బాల్ కబుర్లు వింటూ చేపలు తిన్నాను. ఆ తీరికలో అసలు దొంగ స్టూడియోలో అందరికీ తలలో నాలుక అయ్యాడు."

అన్సెల్మో సిగ్గుతో తల దించుకున్నాడు. పెట్టెలో ఏముందని అడిగాడు.

"ఇంకా ఖాళీయే," అంది.

బుర్రలో ఆకు నింపి, నీళ్ళు పోసి, మొదటి విడత తను తాగకుండా అతని ముందుకి చాచింది. అతను ఆమె చేతిని చూశాడు. ఆ చెయ్యి రెండు చోట్ల జీతం తీసుకునే చెయ్యి. ఆమె కళ్ళు అతని మొహాన్నే కాపలా కాస్తున్నాయి. బుర్ర అందుకుని, అడుగున ఆకు గురగురలాడేదాకా పీల్చేశాడు.

"చేదుగా ఉందా?"

"లేదు, తియ్యగా ఉంది," అన్నాడు అన్సెల్మో, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ. ఆ వృత్తిలో అతను ఆడిన అబద్ధాలన్నిట్లోకీ నాసిరకం అదే. నొయెమీ మాత్రం నమ్మినట్టు తలూపి, రెండో విడత పోసింది.