దెయ్యానికి కట్టిన వల

భోగాపురం దిగువన, సముద్రం ఒడ్డునున్న ఓ ఊరి హైస్కూల్లో జరిగిందట ఇది. అక్కడ పాత తుఫాను షెల్టరు ఎనకాల తలుపూడిపోయిన లెట్రిను గదొకటి ఉన్నాది. పొద్దుగూకితే అటేపు కుక్క కూడా పోదు. సీకట్లో నీళ్లు పోసిన సప్పుడు… పట్టీల సప్పుడు… ఆనక సన్నటి ఏడుపు!

తుఫానుకి కొట్టుకుపోయిన ఆడకూతురెవర్తో తిరుగుతున్నాదని ఊరు తేల్చేసింది. పదో తరగతోళ్లకి రాత్రి ఏడింటిదాకా స్టడీ అవర్లు. పిల్లలు జడుసుకుంటన్నారని పెద్దలు మీటింగెట్టి, అమాసనాడు ఆ గుమ్మానికి పాత వల కట్టించేరు. వల కడితే దెయ్యం దాని ముడులు లెక్కెట్టుకుంటూ తెల్లార్లూ అక్కడే ఉండిపోద్దని పల్లెకారుల నమ్మకం.

స్కూలు ఆయా దేవికి ఒళ్లు మండిపోయింది. దెయ్యానికి మీటింగు! మరి పదో తరగతి హరిబాబుకో? రిజిస్టర్లో ఆ పేరే గానీ ఆ పిల్ల తన పేరు దుర్గ అంటాది. మగపిల్లల లెట్రినుకెల్తే గడియెట్టి కొడతారు. ఆడపిల్లల ఏపు ఎల్తే టీచరే గదిమేస్తాది. దేవి మూడుసార్లు హెడ్మాస్టరు నరసింగరావుకి మొర పెట్టుకుంది.

"ముందా నడక మార్చుకోమను. అన్నీ సర్దుకుంటాయి," అన్నాడాయన, ఫైల్లోంచి తలెత్తకండా.

అమాస రాత్రి కరెంటు పోయింది. దేవి తాళాలు ఏస్తన్నాది. పట్టీలు గల్లుమన్నాయి… ఆగేయి… మళ్లీ గల్లుగల్లుమని ఒకటే గింజులాట!

"వల్లో పడిందర్రోయ్!" ఎవడో కేకేసేడు.

రేవులోంచి మగోళ్లు తెడ్లట్టుకుని పరుగునొస్తన్నారు. దేవి దగ్గర్లో ఉన్నాది. సెల్లు లైటేసి గుమ్మంలోకి సూసింది.

వల్లో ఏదో ముడుసుకుని పడున్నాది. లైటు పాదం మీద పడింది. పట్టీ వలకి సిక్కుకుపోయింది. లైటు పైకెత్తితే… దుర్గ!

"ఆయమ్మా… పొద్దుట్నించీ ఆపుకున్నాను," గుసగుసలాడింది. "వల కిందనించి దూరిపోదారనుకున్నాను."

"ఓసి నీ దుంప తెగ! రోజూ వస్తన్నది నువ్వేటే?"

"ఈడికైతే బయపడి ఎవుడూ రాడు. పట్టీలు అందుకే ఏసుకుంటన్నాను."

"మరి ఏడుపో?"

దుర్గ తలొంచుకుంది. "ఆపుకుని ఆపుకుని… మంట, ఆయమ్మా."

తెడ్ల సప్పుడు దగ్గరికొచ్చేసింది. దెయ్యమనుకున్నా సరే, హరిబాబనుకున్నా సరే, ఈళ్లు కొట్టకండా వదిలే రకమా? పట్టీ కొక్కెం ఊడదీసి, పిల్లని వల్లోంచి లాగి, సరుగుడు తోటేపు తోసింది. "ఎనక్కి సూడకు. పారిపో!"

పట్టీ మాత్రం వల్లో ఏలాడుతుండిపోయింది.

ముందు వల కట్టిన గంగులు, ఆడెనకాల పదిమంది, అందరికన్నా ఎనకాల నరసింగరావు.

"ఒసే దేవీ, సిక్కిందేటే?"

నిజం సెప్పేద్దారని నోరు తెరిసింది. తెడ్లకేసి సూసింది. నరసింగరావుకేసి సూసింది.

"సూసేను బాబూ…" వల్లో పట్టీ మీదకి లైటేసింది. "పాదాలు ఎనక్కున్నాయి. వల తీసెయ్యమన్నాది. తన గది జోలికి ఎవుడొచ్చినా రగతం కక్కుకుంటాడన్నాది. ఇంకా…"

"ఇంకా?" నరసింగరావు ఓ అడుగు ఎనక్కేసేడు.

"లోపల గడియున్న తలుపు కావాలట. రోజూ రెండు బిందెల నీళ్లట. బల్బొకటి."

పట్టీకేసి సూసి గంగులు దండమెట్టేడు.

మర్నాడు మద్దేన్నంలోగా కొత్త తలుపొచ్చింది. నరసింగరావే దగ్గరుండి గడియ బిగింపించేడు, పసుపూ కుంకం రాయించేడు, బల్బు ఎలిగిందో లేదో రెండుసార్లు సూసుకున్నాడు.

అందరూ ఎల్లిపోయేక దేవి రెండు బిందెలు మోసుకొచ్చి లోపలెట్టింది. తలుపు పట్టుకుని భోరుమంది.

"మడిసి అడిగితే ఇయ్యనేదు కదరా… మడిసి అడిగితే ఇయ్యనేదు!"