గట్టిగుండాలె!

వచ్చీ రాగానే ఆ మనిషి చేసిన మొదటి పని, కొత్తగా రంగు వేసిన బొమ్మ నెత్తి మీద రెండు వేళ్ళతో దరువు వేయడం.

"ఓ హలో! అది ఇంకా ఆరలే!" అని మానస అరిచేసరికే ఆలస్యమైపోయింది. బొమ్మ నుదుటి మీద రెండు వేలిముద్రలు నిక్షేపంగా పడ్డాయి.

"సారీ మేడం. అలవాటైపోయింది."

"ఎవరి నెత్తి కనపడితే వాళ్ళ నెత్తి మీద కొడ్తవా?"

"మనుషులైతే అడిగి కొడ్త."

మానసకు ఒళ్ళు మండింది. అమీర్‌పేట వెనక సందులో వాళ్ళది ఫైబర్‌గ్లాసు బొమ్మల షెడ్డు. అటు పంజాగుట్ట దాకా బట్టల షాపుల ముందు చీరలు కట్టుకుని నిలబడే బొమ్మల్లో సగం ఇక్కడే పుడతాయి, ముక్కో చెయ్యో విరిగితే మళ్ళీ ఇక్కడికే వస్తాయి. తండ్రి రాజనర్సయ్యకు నడుం పట్టేశాక పనంతా ఆమే చూస్తోంది. అయినా ఆయన మాత్రం రోజూ ఒకటే పాట. "గీ గ్లాసు దుమ్ముల ఎన్నొద్దులుంటవ్ బిడ్డా? సాఫ్ట్‌వేర్ కోర్సుల జేరు."

వచ్చినవాడి పేరు అభిలాష్. పెళ్ళి ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయిస్తాడు. ఆటోలోంచి నాలుగు పాత డ్రమ్ము డొల్లలు దించాడు. మెరుపు పోయి, స్క్రూలు బిగించే చోటల్లా బీటలిచ్చి ఉన్నాయవి.

"మా ముషర్రఫ్ ఉస్తాద్‌వి. చెక్కవి గావు, ఫైబర్‌వి. ఆయన వాయించుడు బంద్ చేసి నా చేతిల పెట్టిండు. ఆదివారం రాత్రి ప్రోగ్రాం ఉంది, ఉస్తాద్ సుత వస్తుండు."

"ఎట్ల కావాలె?"

"గట్టిగుండాలె. మస్తు గట్టిగుండాలె. నా ఇజ్జత్ సవాల్ మేడం!"

"గట్టిగనే చేస్త," అంది మానస.

ఆ సాయంత్రమే తండ్రితో పందెం వేసింది. "డ్రమ్ములు మనం ఎన్నడన్న చేసినమా నాన్నా? ఇవి మంచిగొస్తే షెడ్డు నాకు ఇడిసిపెట్టు. రాకుంటే సోమవారం కోర్సుల జేర్త, మళ్ళ నోరెత్తను."

రాజనర్సయ్య సరేనన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నాడంటే ఆయనకు నమ్మకం లేదన్నమాటే. దాంతో ఆమెకు ఇంకా మండింది.

దానికి తోడు వాన. ఆ చెమ్మకు ఫైబర్ మీద పూసిన రెజిన్ జిగురు ఎంతకీ గట్టిపడదు. అభిలాష్ మాత్రం రోజూ మెట్రో దిగి, తడిసి ముద్దయి హాజరు.

"ఆరిందా?"

"వానను తగ్గమను. ఆరుతది."

"నేను చెప్తే వాన వింటదా?"

"మరి రోజొచ్చి అడిగితే రెజిన్ వింటదా?"

పోడు. స్టూలు లాక్కుని కూర్చుంటాడు. రెజిన్ డబ్బా మీద, కిటికీ మీద, చివరికి తన మోకాలి మీద దరువేస్తాడు. పనిమధ్యలో ఆమె మాస్కు తీసిందో, ఆ దరువు కాస్తా తాళం తప్పుతుంది. ఆమె చూడగానే పైకప్పు వైపు చూస్తాడు. పైకప్పులో ఏముంది, రేకులు తప్ప!

ఒకరోజు ఎంతకీ రాలేదు. మానస ఊరికే సందు చివరి దాకా వెళ్ళి చూసి వచ్చింది. ఎందుకు చూసినట్టు? తనను తానే తిట్టుకుంది.

శనివారం పొద్దున డొల్లలు కొత్త పెళ్ళికూతుళ్ళలా తళతళలాడుతున్నాయి. రాజనర్సయ్య కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. అభిలాష్ పైతోళ్ళు బిగించి, పుల్ల ఎత్తి కొట్టాడు.

దబ్.

బియ్యం బస్తాను గుద్దినట్టుంది. ఇంకోటి కొట్టాడు. అదీ దబ్బే. అతని మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ఎట్లుంది పిల్లగా?" అన్నాడు రాజనర్సయ్య.

అభిలాష్ ఆయన్ని చూశాడు, మానసను చూశాడు. "సూపరుంది కాకా. మస్తుంది."

"ఏం మస్తు?" మానస చేతిలోని గుడ్డ విసిరికొట్టింది. "నీ మొహం చూస్తే తెల్వదా? నిజం చెప్పు!"

"... మోగుతలేదు. లోపల ఏం చేసినవ్?"

"ఇంకో రెండు పొరలు ఫైబర్ పరిచిన. బొమ్మలకు గట్లనే ఏస్తం. లారీ మీదికెళ్ళి కిందేసినా పగలవు. నువ్వే గద గట్టిగుండాలె అన్నవ్!"

"గట్టిగ అంటే గట్టి గాదు! గట్టిగ అంటే సౌండు!"

"సౌండని చెప్పనీకి ఏమైంది?"

"డ్రమ్ము తెచ్చి గట్టిగ అంటే ఎవరైనా ఏమనుకుంటరు?"

"బొమ్మల షెడ్డుకొచ్చి గట్టిగ అంటే ఎవరైనా ఏమనుకుంటరు?"

రాజనర్సయ్య తల అటూ ఇటూ తిప్పలేక మెడ పట్టుకున్నాడు.

"మరి సూపరుందని ఎందుకన్నవ్?" అంది మానస.

"ఖరాబైందంటే నువ్వు కోర్సుకు పోతవ్ గద. కాకా చెప్పిండు నాకు."

"అందుకని మీ ఉస్తాద్ ముంగట గీ బస్తాలు వాయిస్తవా?"

"వాయిస్త."

ఎంత మొండిగా అన్నాడో! మానసకు కొట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. "పిచ్చోడా!" అని, తండ్రి వైపు తిరిగింది. "అడగకుండ చేసిన నాన్నా. తప్పు నాదే. పందెం నువ్వే గెలిచినవ్. కానీ ఈయన డ్రమ్ములు మోగేదాక నేను లేవను."

ఆయన గ్రైండర్ తీసి ఆమె చేతికిచ్చి, మాస్కు పెట్టుకోమన్నాడు.

ఇక చూడాలి ఆ అవస్థ! అభిలాష్ డొల్లను పట్టుకుంటే ఆమె లోపలి పొరలు చెక్కింది. గ్లాసు దుమ్ము రేగి మెడల మీదా మోచేతుల మీదా ఒకటే దురద. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఇద్దరూ బరబరా గోక్కున్నారు. ప్రేమ సంగతులు మాట్లాడుకునే వాలకమేనా అది!

పొద్దువాలే వేళకు మళ్ళీ తోళ్ళు బిగించి కొట్టాడు. షెడ్డు రేకులు అదిరాయి. మూలన ఉన్న బొమ్మ చెయ్యి ఊడి కింద పడింది. పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. అభిలాష్ నాలుగు డ్రమ్ముల మీదా చేతులు నొప్పెట్టేదాకా వాయించాడు.

ఆటోలోకి అన్నీ ఎక్కించాక, చెప్పులేసుకుంటూ అన్నాడు, "సోమవారం వస్త కాకా."

"ఎందుకు? ఇంకేమున్నయ్ రిపేరు?"

"ఏం లేవు."

"మరెందుకు?"

అభిలాష్ నోరు తెరిచాడు, మూశాడు. పైకప్పు చూశాడు. మానస ఓపిక పట్టింది. ఇంకాస్త పట్టింది. అయిపోయింది.

"నన్ను చూడనీకి వస్తడు నాన్నా! రోజూ గందుకే వచ్చిండు. నేను సుత ఎదురుచూసిన. గదిగూడ నేనే చెప్పాలె, ఈయనకు నోరు రాదు!"

అభిలాష్ గోక్కోవడం ఆపి, "అవును కాకా. మా అమ్మను సుత తీస్కొస్త," అన్నాడు.

"సోమవారం వద్దు," అన్నాడు రాజనర్సయ్య.

మానసకు అప్పుడు గుర్తొచ్చింది. సోమవారమంటే కోర్సు. పందెం మరి!

"సోమవారం షాపోళ్ళు లారీ నిండ బొమ్మలు దింపుతున్నరు. మా మేస్త్రికి టైముండదు. మంగళవారం తోల్కరా మీ అమ్మను."

"మేస్త్రి ఎవరు కాకా?" అన్నాడా తెలివితక్కువవాడు.

"నేనే! ఇంకెవరు?" అంది మానస. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతుల నిండా గ్లాసు దుమ్మే. అట్లాగే ఏడుస్తూ నవ్వింది.