చిన్న అక్షరం తెలిసినవాడు

తూలోన్ రేవులో శవం తేలిన మూడో రోజున కర్నల్ దుప్రా తన గూఢచారి కెర్వెల్‌ను పిలిపించాడు.

"చచ్చినవాడు మన ఏజెంటే. జలాంతర్గాములకు నకిలీ ప్రెషర్ గేజ్‌లు అంటగడుతున్న విదేశీ ముఠా వెంటపడ్డాడు. ఓడ ఎంత లోతుకు దిగినా వాటి ముల్లు కదలదు. లోపలున్న అరవై మందికీ జలసమాధే."

"నా పని?"

"ఆ గేజ్‌లు అమ్ముడుపోవాలంటే వాళ్లకు ప్రమాణపత్రాలు కావాలి. సేవ్ర్ ఊళ్లో దొంగచాటుగా టైపు చేయిస్తున్నారు. టైపిస్టుగా దూరు. అక్కడ పెత్తనం ఇరేన్‌ది. ఒకప్పుడు మన మనిషే, ఇప్పుడు రెండువైపులా జీతం తింటోంది. అందం చూసి మోసపోకు."

కెర్వెల్ మీసం తీసేసి, కళ్లజోడు తగిలించుకుని, సిగరెట్ లైటర్‌లో కెమెరా దాచుకుని చేరిపోయాడు. కొలతల ప్రయోగశాలలో పదేళ్లు పత్రాలు దిద్దినవాడు కాబట్టే ఈ పని అతని నెత్తిన పడింది.

అక్కడ మరో టైపిస్టు గాస్పార్. ప్రెస్సు మూతపడి రోడ్డున పడ్డ మనిషి. ఇదంతా దొంగ వ్యవహారమని పాపం అతనికి తెలియదు. మూడు రోజులూ ఇద్దరిచేతా కవర్ల మీద చిరునామాలే కొట్టించారు. మధ్యాహ్నం గాస్పార్ తన రొట్టె, జున్ను సగం తుంచి కెర్వెల్ ముందు పెట్టేవాడు.

"తినవోయ్, ఎముకల గూడులా ఉన్నావ్. మా ఆవిడ చూసిందంటే నన్ను తిడుతుంది."

నాలుగో రోజు ఉదయం ఇరేన్ వచ్చింది. ఒంటిమీద ఎర్ర పట్టు గౌను, చేతిలో పిస్టల్. ఇద్దరి ముందూ ఒకే పేజీ పెట్టింది.

"ఉన్నదున్నట్టు కొట్టండి."

పేజీ చూడగానే అది ఉచ్చని కెర్వెల్‌కు తెలిసిపోయింది. కిలోగ్రాముకు KG, మీటరుకు M, పాస్కల్‌కు pa. చిన్నక్షరం ఉండాల్సినచోట పెద్దది, పెద్దది ఉండాల్సినచోట చిన్నది. ప్రయోగశాల మనిషొకడు చొరబడ్డాడని, వాడు ఇలాంటివి దిద్దకుండా ఉండలేడని ఎవరో ఆమెకు ఉప్పందించారు. పేజీ కూడా వాళ్లే రాసిచ్చి ఉంటారు.

పళ్లు బిగబట్టి తప్పుల్ని తప్పులుగానే కొట్టాడు. పక్కన గాస్పార్ మిషన్ క్షణం ఆగింది.

"ఎవడు రాశాడో గానీ కొలతల పరువు తీశాడు," అని గొణుక్కుంటూ మళ్లీ మొదలుపెట్టాడు.

గాస్పార్‌ను ఆపమని కెర్వెల్ చెప్పాలి. కానీ నోరు విప్పితే తాను పోతాడు, వెనకే ఆ అరవై మందీ పోతారు. తనకు రొట్టె పెట్టిన చేతులు ఒక్కొక్క గుర్తునూ సరిచేసుకుంటూ పోతుంటే కెర్వెల్ తల వంచుకుని కిమ్మనకుండా కూర్చున్నాడు.

ఇరేన్ రెండు కాగితాలూ అసలు పేజీతో పోల్చి చూసి గాస్పార్ వైపు తిరిగింది.

"ఎవరు పంపారు నిన్ను?"

"పంపడమేంటి మాదాం? ముప్పయ్యేళ్లు సైన్సు పుస్తకాలకు అక్షరాలు కూర్చాను. తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు."

ఆమె కాల్చేసింది. తర్వాత కెర్వెల్ భుజం తట్టింది.

"చెప్పింది చెప్పినట్టు చేస్తావ్ నువ్వు. పత్రాలన్నీ నువ్వే కొట్టు."

కొట్టాడు. నూట ఎనభై పత్రాలు, ఒక్కదాంట్లోనూ గుర్తులు సరిగా లేకుండా. ఇరేన్‌కు ఆ తేడా తెలియదు. తెలిసి చెప్పగలిగినవాణ్ని తన చేత్తోనే చంపుకుంది.

తూలోన్‌లో జలాంతర్గామి తలుపు మూయడానికి నాలుగు నిమిషాల ముందు తనిఖీ అధికారి మొదటి పత్రం చూసి మొహం చిట్లించాడు. రెండోది చూశాడు. "ఆ గేజ్‌లు ఊడదీయండి," అన్నాడు. కెర్వెల్ లైటర్ కెమెరాలో చిక్కిన మొహాలను బట్టి సాయంత్రానికి ఇరేన్‌తో సహా ముఠా అంతా సంకెళ్లలో ఉంది.

కెర్వెల్ తన నివేదికను కర్నల్ బల్ల మీద పెట్టాడు.

"గాస్పార్ భార్యకు ఏం చెబుదాం సార్?"

"ఏదో ప్రమాదమని చెప్పిస్తాలే." కర్నల్ ఎర్ర పెన్సిల్ తీసి, '2 M దూరం నుంచి కాల్చింది' అన్నచోట సున్నా చుట్టాడు. "మీటరుకు చిన్నక్షరమోయ్. పదేళ్లు దిద్దినవాడివి, ఆమాత్రం తెలియదా?"