లోపలి మెట్లు

"అమ్మా! మెట్లు బయటి నుంచి అన్నావు కదా! మరి ఈ ఖాళీ ఇక్కడ, సరిగ్గా హాలు నెత్తిమీద వదిలారేంటమ్మా?"

పైన సెంట్రింగ్ మీద, అల్లిన ఇనుప చువ్వల మధ్య నిలబడి యురానీ వేసిన ఆ ఒక్క కేకకి, కింద వీధిలో పొయ్యి దగ్గర పులుసు కలుపుతున్న హెర్మిండా చేతిలో గరిటె ఆగిపోయింది. దేవుడా! ఇప్పుడా ఇది బయటపడాలి? వీధి వీధంతా ఇంటి ముందు చేరిన ఈ వేళా...?

ఊరికి ఒక చివరనున్న బోసా పేటలో శ్లాబు పోయడమంటే చిన్న పెళ్ళి చేసినట్టే. ఇరుగుపొరుగు మగవాళ్ళంతా వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతికి చేతికి అందిస్తారు. ఇంటావిడ పెద్ద బాన పొయ్యి మీద పెట్టి కోడి, కర్రపెండలం, అరటికాయ, మొక్కజొన్న కండెలు వేసి సాంకోచో పులుసు కాస్తుంది. ఎవరి పిల్లలకి వాళ్ళు ఇంటిమీద ఇల్లు అలా ఎత్తుకుంటూ పోవడమే ఆ వీధి ఆనవాయితీ. హెర్మిండా కూతురికీ ఈనాటికి ఆ యోగం పట్టింది. ఏళ్ళ తరబడి చిలీ దేశంలో నర్సు పని చేసిన పిల్ల... "ఇంక చాల్లేవే, ఇంటికి వచ్చేయ్, పై వాటా నీకే కట్టిస్తున్నాం" అని ఫోన్లో ఏడ్చి ఏడ్చి రప్పించుకున్న పిల్ల!

ఆ పిల్ల ఒక్కతే రాలేదు. ఎల్సినా కూడా వచ్చింది. చోకో అడవుల వైపు నుంచి వచ్చిన నల్లని, ఎత్తైన మనిషి. కట్టుడు పళ్ళు చేసే పని ఆమెది. చిలీలో ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే కాపురంగా ఉన్నారు. ఆ సంగతి హెర్మిండాకి తెలుసు. భర్త ఎవెలియోకీ తెలుసు. వీధిలో కుక్కలకి కూడా తెలుసు! కానీ ఎవరూ నోరు విప్పరు. "స్నేహితురాలు" అనే మాట ఒకటి దొరికింది కదా, దాన్నే అందరూ కప్పుకుని కూర్చున్నారు.

"బయటి మెట్లయితేనే వస్తామమ్మా. మా రాకపోకలు మావి, మీ హాలు మీది" అని యురానీ ఫోన్లో ముందే చెప్పింది. హెర్మిండా సరేనంది. భర్తని అడిగితే ససేమిరా అన్నాడు. ఆ మాట కూతురితో చెప్పిందా? చెప్పలేదు! చెబితే రాదేమోనన్న భయం... వచ్చేలోగా ఆయన్ని ఎలాగో ఒప్పించుకుందాంలే అన్న ఆశ... రోజులు గడిచిపోయాయి, ఆయన ఒప్పుకోలేదు, ఇదిగో ఇప్పుడు కాంక్రీటు లారీ వచ్చి గుమ్మం ముందు డ్రమ్ము గిరగిరా తిప్పుతోంది!

"ఎవరే బయటి మెట్లన్నది?" అన్నాడు ఎవెలియో, తట్ట దించకుండానే. నలభై ఏళ్ళు తాపీ పని చేసిన మనిషి, ఊళ్ళో ఎందరి ఇళ్ళకో మెట్లు కట్టినవాడు. "నా ఇంట్లో పైకెక్కే వాళ్ళు నా కళ్ళ ముందు నుంచే ఎక్కాలి."

"మరి ఎల్సినా?"

"ఆదివారం భోజనానికి రమ్మను. ఎవరు కాదన్నారు? తిని, చీకటి పడకముందు పోతుంది..."

"ఎక్కడికి పోతుంది నాన్నా? తన ఇల్లు నేనున్న చోటే కదా!"

వరసలో నిలబడ్డ మగవాళ్ళు నేల చూపులు చూశారు. ఎవెలియో అక్క ఒబ్దులియా మాత్రం ఊరుకుంటుందా? పక్కింట్లోనే మకాం, ఈ ఇంటి గుట్టంతా ఆవిడ కొంగున ఉంటుంది. "హవ్వ! నలుగురిలో ఏం మాటలే అవి! పులుసు తినడానికొచ్చిన వాళ్ళకి కథ కూడా వడ్డిస్తున్నావా? మీ అమ్మ పెంపకం ఇలా అఘోరించింది!" అంది.

"మేస్త్రీ, గట్టిపడిపోతుంది! పోయమంటారా, వద్దంటారా?" లారీ దగ్గరి నుంచి ఎవరో అరిచారు.

అందరూ హెర్మిండా వైపు చూశారు. ఎందుకు చూశారో ఆమెకి ఈనాటికీ తెలియదు. ఒక్క మాట... "ఆపండి" అన్న ఒక్క మాట అంటే చాలు, ఆ ఖాళీ మూసి, గోడవతల మెట్లకి దారి వదలొచ్చు. మొగుడి మొహం చూసింది, కూతురి మొహం చూసింది, మళ్ళీ పులుసులోకి చూసుకుంది. ఆ క్షణంలో ఆమె ఉన్నచోటే భూమి చీలితే బాగుండుననిపించింది.

"పోయనివ్వు యురానీ" అంది ఎల్సినా మెల్లగా. ఆమె కూడా తట్ట పట్టుకుని వరసలో నిలబడి ఉంది. "వచ్చిన జనాన్ని నిలబెట్టకూడదు."

పోశారు. సాయంత్రానికల్లా శ్లాబు నున్నగా తయారైంది, హాలు నెత్తిమీద ఆ చదరపు ఖాళీతో సహా. అందరూ కడుపునిండా తిని, మేస్త్రీ పనితనం మెచ్చుకుని వెళ్ళారు.

యురానీ చేతులకంటిన సిమెంటు కడుక్కుంటూ, తల్లి వైపు తిరగకుండానే చెప్పింది. "చపినేరోలో ఇల్లు చూసుకుంటాం అమ్మా."

"చపినేరోనా! ఊరికి ఆ చివర... రెండు బస్సులు మారాలి కదే! నాకు జ్వరమొస్తే ఎవరిని పిలవను? నేను పోయాక వస్తావా, మొహం చూడ్డానికి!"

"నువ్వు నాతో అబద్ధం ఆడావమ్మా."

యురానీ కొళాయి కట్టేసి, తడిచేతులతోనే తల్లి పక్కన కూర్చుంది. కోపం చల్లారిన గొంతుతో, "ఈ వారం రోజులూ నేనూ తనూ మన వీధిలో నడుస్తుంటే చూశావా? మా మధ్య ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి నడుస్తున్నాం. రొట్టెల కొట్టు దాకా అలాగే. బస్సు ఎక్కేదాకా అలాగే. చపినేరోలో అలా నడవక్కర్లేదు. నాకు పని దొరికిన ఆసుపత్రికి నడిచే వెళ్ళొచ్చు, కూరలకి నడిచే వెళ్ళొచ్చు. దేశదేశాల వాళ్ళుంటారు, మాలాంటి వాళ్ళు బోలెడంతమంది ఉంటారు. ఎవరి గొడవ వాళ్ళది. నేను వచ్చింది మన ఊరికేనమ్మా. ఈ వీధిలోకే రాలేకపోతున్నాను..." అంది.

తల్లి తన ఉన్ని శాలువా తీసి కూతురి భుజాల మీద కప్పింది. అంతకు మించి ఆమె చేతిలో ఏముంది!

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. శ్లాబు ఆరింది, గోడలు లేచాయి, రంగులు పడ్డాయి. ఎవెలియో రోజూ పైకెక్కి కిటికీలు తుడిచి వచ్చేవాడు. ఎవరి కోసమని హెర్మిండా అడగలేదు. అడిగితే ఏడుపొస్తుందని భయం.

ఒకరోజు మధ్యాహ్నం సంత నుంచి తిరిగొచ్చేసరికి ఇంటి పక్కగోడకి ఇనుప మెట్లు నిలబెట్టి ఉన్నాయి! కొత్తవి, నల్లరంగు పూసినవి. వీధిలోంచి సూటిగా పై వాటాలోకి. హాలు నెత్తిమీది ఖాళీకి చెక్కలు కొట్టేశారు.

హెర్మిండా చేతిసంచీ జారి కింద పడింది. ఉల్లిపాయలు వీధిలో దొర్లాయి. ఒక్క క్షణం... ఒక్క క్షణం ఆమెకి ఎంత ఆశ కలిగిందో! "ఏమయ్యా! పిల్లని పిలిచావా? మనసు మారిందా? బంగారుతండ్రివయ్యా నువ్వు!"

"పిల్లనా?" ఎవెలియో తడబడ్డాడు. "కాదే... అక్క అద్దెకి మనుషుల్ని చూసింది. కొత్తగా పెళ్ళైన జంట. బుద్ధిమంతులు. అద్దెకొచ్చిన వాళ్ళు మన హాల్లోంచి ఏం తిరుగుతారు చెప్పు? వాళ్ళకో మర్యాద ఉండొద్దూ?"

"మర్యాదా?" అంది హెర్మిండా. గొంతు తనదేనా అన్నంత పెద్దగా వచ్చింది. "ఊరూ పేరూ తెలియని వాళ్ళకి మర్యాదా! కడుపున పుట్టిన దానికి లేదా! అదేం అడిగింది నిన్ను? ఆస్తి అడిగిందా? ఈ మెట్లే కదయ్యా అడిగింది! ఈ మెట్లే!"

పెళ్ళైన నాటి నుంచీ ఆయన మీద గొంతెత్తని మనిషి! పక్కింటి కిటికీలో ఒబ్దులియా తల కనబడింది, "ఏమైంది తమ్ముడూ?" అంటూ. "మీ తమ్ముడికేం కాలేదు వదినా, కిటికీ వేసుకోండి!" అని అరిచింది హెర్మిండా. ఆ కిటికీ టప్పున మూసుకుంది.

ఎవెలియో ఆ ఇనుప మెట్టు మీదే కూలబడ్డాడు. "నాకు చేతకాలేదే" అన్నాడు. "మంచిదే ఆ ఎల్సినా. నాకు తెలుసు. తట్టలు మోసిన మనిషిని నేను గుర్తుపట్టలేనా? కానీ రోజూ కళ్ళెదుట... దుకాణం దగ్గర వాళ్ళ ముసిముసి నవ్వులు... నా పక్కన పనిచేసిన వాళ్ళే నవ్వుతారే! నాకు తట్టుకునే శక్తి లేదు. లేదంటే లేదు. ఏం చేయమంటావు?"

హెర్మిండా వంగి ఉల్లిపాయలు ఏరుకుంది.

ఆ ఆదివారం ఒక్కతే రెండు బస్సులు మారి చపినేరో వెళ్ళింది. స్టాపులో ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. "రండి అత్తయ్యా, సంచీ ఇలా ఇవ్వండి" అంది ఎల్సినా. అత్తయ్యా! ఆ పిలుపు ఎవరి నోటా వినే రాత తనకి లేదనుకుంది హెర్మిండా. నవ్వొచ్చింది, కళ్ళు చెమర్చాయి, రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఏమో!

"మీ ఆయన కట్టుడు పళ్ళు నేను బాగు చేస్తానని చెప్పండి. ఆ పైవరస వదులైంది, శ్లాబు రోజు నన్ను తిట్టబోతే ఊడి చేతిలోకొచ్చింది. అందుకే పాపం పూర్తిగా తిట్టలేకపోయారు."

"ఊరుకోవే!" అని యురానీ దాని భుజం మీద కొట్టి, ఆ చేయి అలాగే దాని చేతిలో ఉంచేసింది.

నడిచారు. సన్నగా చినుకులు పడుతున్నాయి. మూల మీద చేపల హోటలు నడిపే చోకో ఆవిడ ఎల్సినాని వాళ్ళ యాసలో కేకేసి పలకరించింది. వెనిజులా పిల్ల ఒకతె బండి మీద రొట్టెలు కాలుస్తోంది. ఇద్దరు ముసలాయనలు కుక్కని పట్టుకుని, టమాటాలు పండాయా లేదా అని మొగుడూ పెళ్ళాల్లా పోట్లాడుకుంటున్నారు. హెర్మిండా మాత్రం అలవాటు కొద్దీ ఎదురొచ్చే ప్రతి మొహాన్నీ బెదురుగా చూస్తోంది... ఎవరైనా చూశారా, ఎవరైనా నవ్వారా అని. ఎవరూ చూడలేదు. ఎవరికీ పట్టలేదు! ముందు నడుస్తున్న తన కూతురు నిటారుగా, తల ఎత్తి, గలగలా మాట్లాడుతూ నడుస్తోంది. ఇద్దరి మధ్య వెంట్రుక పట్టేంత జాగా లేదు. ఇది ఇంత బాగా నడుస్తుందా? కన్నతల్లిని, నేనెప్పుడూ చూడలేదే! ఏ వీధికి రమ్మని దీన్ని ఇన్నేళ్ళు ఏడిపించాను?

నాలుగో అంతస్తులో చిన్న ఇల్లు. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయటే. జున్ను ముక్కలు వేసి వేడి చాకొలెట్ ఇచ్చారు. వెళ్ళే వేళకి యురానీ తల్లి కోటు గుండీలు పెడుతూ అంది. "వచ్చే ఆదివారం నేనే వస్తానమ్మా. ఒక్కదాన్నే వస్తాలే. నాన్నకి ఇబ్బంది ఉండదు. ప్రతి ఆదివారం వస్తాను, సరేనా?"

ఎల్సినా అటు తిరిగి, కడిగేసిన కప్పులనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

ప్రతి ఆదివారం! తన బల్ల దగ్గర, తన చేతి పులుసు తింటూ కూతురు! ఆమె దేవుణ్ణి అడిగింది ఇదే కదా... సరే అనడానికి నోరు తెరిచింది కూడా. కప్పుల మీద పడుతున్న నీళ్ళ చప్పుడు విని ఆగిపోయింది.

"వద్దమ్మా" అంది. "ఒక్కదానివే రావద్దు. ఇద్దరూ రాలేని ఇంటికి నువ్వూ రావద్దు. నిన్ను సగం చేసి నా బల్ల దగ్గర కూర్చోబెట్టుకోను. నా ఓపిక ఉన్నన్నాళ్ళు నేనే వస్తాను."

"అమ్మా! నీ మోకాళ్ళు... రెండు బస్సులు... ఈ మెట్లు..."

"వస్తానన్నాను కదే!"

ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు.

ఇల్లు చేరేసరికి ఎవెలియో గుమ్మంలో కుర్చీ వేసుకుని వీధి వైపే చూస్తున్నాడు. పై వాటాలో కొత్త జంట రేడియో పెట్టుకున్నారు.

"ఎప్పుడొస్తానంది?" అన్నాడు.

"రాదు."

"ఒక్కతే వస్తే నేనేమీ అననే... నోరెత్తితే ఒట్టు!"

"వస్తానంది. నేనే వద్దన్నాను."

ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "మరి... మరి నేను దాన్ని ఎప్పుడు చూడనే హెర్మిండా?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"రెండు బస్సులు మారాలి. వచ్చే ఆదివారం నేను వెళ్తున్నాను. వస్తావా?"

ఎవెలియో తన చేతులు చూసుకున్నాడు, దుకాణం వైపు చూశాడు, తల వంచుకున్నాడు. వస్తాననలేదు, రాననీ అనలేదు. హెర్మిండా లోపలికి వెళ్ళి, ఆయన మాత్రలు వేసుకునే వేళయిందని బెల్లం నీళ్ళు పొయ్యి మీద పెట్టింది.