పురికొస కట్టిన కారు

"దొంగ! దొంగ! నాన్నా, మన కారు కింద దొంగ దూరాడు!"

ఆ కేకకి కారు కిందున్న జయపాల్ ఉలిక్కిపడ్డాడు. గబుక్కున లేవబోతే నెత్తి ఠంగున బంపరుకి తగిలింది. కళ్ళు బైర్లు కమ్మి, పాక్కుంటూ బయటికొచ్చేసరికి ఎదురుగా చీపురెత్తి పట్టుకున్న అమ్మాయి.

"దొంగని కాదండీ బాబూ! ఫిజిక్స్ టీచర్ని!"

"ఫిజిక్స్ పాఠాలు కార్ల కింద చెబుతారా?"

అంతలో ఆదాం మాస్టారు పరుగెత్తుకొచ్చారు. "ఆగవే మహిమా! మా స్కూల్లో కొత్తగా చేరిన సారే. టైర్ల కోసం నేనే రమ్మన్నా."

ఆదాం మాస్టారు దర్శిలో ఓ స్కూలుకి హెడ్మాస్టరు. క్రిస్మస్‌కి వేయించిన కొత్త టైర్లు, కల్లాల్లో మిరపకాయలు ఎండేలోపే లోపలివైపు నున్నగా అరిగిపోయాయి. "అలైన్‌మెంట్ పోయింది సార్. దానికి ఒంగోలు దాకా ఎందుకు? ఇంట్లోనే చేసేస్తా" అని స్టాఫ్‌రూములో జయపాల్ గొప్పగా చెప్పేశాడు. చెప్పాక చెయ్యక చస్తాడా!

"దేంతో చేస్తారు?" చీపురు దించింది మహిమ. బి.ఎడ్. పరీక్షలు రాసి ఆ పూటే ఇంటికొచ్చిందామె.

"పురికొసతో."

"పురికొసతోనా!" మహిమ నోరెళ్ళబెట్టింది. "మిరపకాయల టిక్కీ బస్తాలు కుట్టే పురికొసతో కారు బాగుచేస్తారా?"

"చూడండి. నాలుగు కుర్చీలకి కట్టి, కారుకి రెండువైపులా తిన్నగా లాగుతాం. పురికొసకీ చక్రం ముందంచుకీ ఎంత ఎడం ఉందో, వెనకంచుకీ అంతే ఉండాలి. తేడా ఉంటే కింద రాడ్డు తిప్పి సరిచెయ్యడమే. కాకపోతే ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి."

"ఆ ఒకరు నేనేనా?"

"చీపురు పట్టుకున్నంత గట్టిగా పట్టుకుంటే చాలండి."

మహిమకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంది. ఆ నవ్వు చూశాక మనవాడు స్కేలు మీద అంకెలు మూడుసార్లు చదివినా ఒక్కటీ బుర్రకెక్కలేదు. ఎలాగో పని ముగించి, గెలిచిన ఫోజుతో ఇంటికెళ్ళాడు.

మర్నాడు స్కూలు గేటు దగ్గరే మాస్టారు ఆపారు. "ఏమయ్యా, కారు తిన్నగానే పోతోంది. స్టీరింగే వంకరగా ఉంది! మూతి పక్కకి తిప్పుకున్నట్టుంది!"

జయపాల్ బుర్ర గోక్కున్నాడు. అన్నీ సరిగ్గా కొలిచాడే!

మళ్ళీ ఆదివారం చర్చి అయ్యాక వచ్చాడు. డిక్కీ తెరిచి చూస్తే లోపల ఎండుమిరప టిక్కీ! ఈ ఊళ్ళో కారన్నాక డిక్కీలో మిరపకాయలుంటాయని అతను చూసి నేర్చుకున్న ఏ వీడియోలో చెప్పారు గనక? "దొరికింది దొంగ! ఈ బరువుకే లెక్క తప్పింది" అని టిక్కీని బయటికి లాగాడు. అతనూ మహిమా ఇద్దరూ తుమ్మారు. తుమ్ముతూ నవ్వారు, నవ్వుతూ తుమ్మారు. మాస్టారు మంచినీళ్ళు తెచ్చేదాకా ఆ తంతు సాగింది. తర్వాత మళ్ళీ మహిమే స్టీరింగ్ పట్టుకుంటే, కొలిచి రాడ్డు తిప్పాడు.

అయినా మర్నాడు స్టీరింగ్ వంకరే!

జయపాల్‌కి మతి పోయింది. పైగా మాస్టారు ఖరాఖండిగా చెప్పేశారు. "ఈ ఆదివారం ఆఖరు. ఈసారీ వంకరొస్తే ఒంగోలు తీసుకెళ్తా. నువ్వు శ్రమపడి రానక్కర్లేదు."

ఆ రాత్రి జయపాల్‌కి నిద్ర పట్టలేదు. వంకరొస్తే ఆ ఇంటికి రాకూడదు. బాగైతే రావాల్సిన పనే లేదు. ఎటు తిరిగినా మహిమ కనబడదు. ఆమె అంటే ఇష్టమని తనకి తాను ఒప్పుకున్నదే నిన్న కాక మొన్న! ఈ ఆదివారం నోరు తెరవకపోతే ఇంకెప్పటికీ తెరవలేడు.

ఆదివారం వచ్చింది. కుర్చీలు, పురికొస, అన్నీ సిద్ధం.

"స్టీరింగ్‌ని తాడుతో సీటుకి కట్టేస్తానండి" అన్నాడు.

"తాడెందుకు? నేను లేనూ?" మహిమకి కోపమొచ్చింది. "నా మీద నమ్మకం లేదా?"

ఆ మాటతో తాడు పక్కన పడేసి చక్రం దగ్గర కూలబడ్డాడు. స్కేలు ఎక్కడ? అయ్యో, బానెట్ మీదే మర్చిపోయాడు. లేచాడు.

లేచినవాడు లేచినట్టే బిగుసుకుపోయాడు.

అద్దంలోంచి కనబడుతోంది. మహిమ నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, పిల్లి పాల దగ్గరికి వెళ్ళినంత మెల్లగా, స్టీరింగ్‌ని ఎడమకి తిప్పుతోంది!

"మహిమగారూ!"

ఆమె ఉలిక్కిపడింది. చెయ్యి హారన్ మీద పడి వీధంతా మోగింది.

"మీరా! ఇన్నాళ్ళూ మీరా తిప్పింది! నేను పిచ్చివాడిలా చదివిన చదువు మీదే అనుమానపడి చస్తున్నా! ఎందుకండీ?"

మహిమ ముఖం కందిపోయింది. "తిన్నగా వస్తే మళ్ళీ ఎందుకొస్తారు మీరు?"

జయపాల్ చెయ్యి తగిలి బానెట్ మీది స్కేలు కిందపడింది. వారమంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటుపోయాయో! "నేనూ... అదే... రాకపోతే ఎలాగా అని... మీరంటే నాకు చాలా ఇష్టమండీ!" అని అరిచినంత పని చేశాడు.

"వినబడింది" అన్నారు వెనకనుంచి ఆదాం మాస్టారు.

ఇద్దరికీ పైప్రాణాలు పైనే పోయాయి.

"నిన్న ఒంగోల్లో చెక్ చేయించా" అన్నారాయన తాపీగా. "చక్రాలు బ్రహ్మాండంగా ఉన్నాయట. పనిచేసేటప్పుడు స్టీరింగ్ ఎవరో పక్కకి తిప్పి పట్టుకున్నారట, అంతే. ఆ ఎవరో ఎవరో నాకు తెలీదా?"

"మరి నన్నెందుకు రమ్మన్నారు సార్?" అన్నాడు జయపాల్.

"మీ ఇద్దరిలో ఎవరు ముందు నోరు తెరుస్తారో చూద్దామని. ఇక పని కానివ్వు. వచ్చే ఆదివారం ఈ కారులోనే మీ ఊరు పొన్నూరు వస్తాం. మీ అమ్మగారితో మాట్లాడాలి."

జయపాల్ కిందపడ్డ స్కేలు తీసి, దాన్నే తిప్పి తిప్పి చూస్తున్నాడు. 

"మా నాన్న మీ ఇంటికొస్తానంటుంటే, రండి అనైనా అనరేంటండీ!" కారులోంచి విసుక్కుంది మహిమ.